శనివారం అత్త ఇంటి పందిరి

పోయిన నెల మా చిన్నవాడికి కూతురు పుట్టింది. కోడలు చీనా పిల్ల. ఆసుపత్రిలో పసిపిల్లల గది అద్దానికి ముక్కు ఆనించి మనవరాలిని చూసుకుంటూ ఉంటే, ఒక నర్సమ్మ వచ్చి నా చీరనీ బొట్టునీ చూసి తమిళంలో మెల్లగా చెప్పింది. "అమ్మా, మీరు చూస్తున్నది చీనా పాప. మీ పాప ఆ చివరి ఉయ్యాల్లో ఉంటుంది చూడండి."

ఒక్క మాటలో రెండు పొరపాట్లు. నేను తమిళావిడని కాను. ఆ పాప మా పాపే. కోపం తెచ్చుకోవాల్సింది పోయి పొట్ట పట్టుకుని నవ్వాను. నర్సమ్మ కంగారు పడింది. వియ్యపురాలు పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగింది. ఏం చెప్పను? ఆ క్షణాన నా కళ్ళ ముందు ఆసుపత్రి లేదు. ఈ మలయ్ దేశంలోనే ఉన్న జార్జ్ టౌన్‌లో మా పాత వీధి, మా పక్కిల్లు, ఆ ఇంట్లో ఉండే శనివారం అత్త.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మా ఇంటి నుంచి హార్బరు నడిచి వెళ్ళేంత దూరం. మా నాన్న అక్కడే గుమాస్తా. పొద్దున్నే తలుపు తీస్తే మూల మీది కోపీ కొట్టులో కాఫీ గింజలు వేయించే వాసన, ఎదురింటి గుమ్మంలో చీనా అగరుబత్తుల పొగ, సముద్రం వెనక్కి తగ్గిన రోజుల్లో బురద వాసన, అన్నీ కలిసి ఒకేసారి ముక్కులోకి దూరేవి. ఇళ్ళన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. పక్కింట్లో తాలింపు వేస్తే మా ఇంట్లో తుమ్ములు.

మా మామ్మ అంటే మా నాన్న తల్లి. సుంగై సుమున్ అనే ఊరి దగ్గర కొబ్బరి ఎస్టేట్లో పుట్టి, అక్కడే తాతయ్యని చేసుకుని, ఆయన పోయాక మా నాన్నతో టౌనుకి వచ్చింది. ఆవిడ తల్లిదండ్రులు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు. మామ్మ ఆ దేశం ఎన్నడూ చూడలేదు గానీ ఆ మాట మాత్రం నాలుక మీంచి దిగనివ్వలేదు.

మేము ఆ వీధిలోకి వచ్చిన మొదటి వారంలోనే మామ్మ పక్కింటికి రొయ్యల ఇగురు పంపింది. పక్కింట్లో ఉన్నది ఒక చీనా ఆవిడ, ఆవిడతో తెల్లటి గడ్డం ఉన్న ఒక ముసలాయన. చీనా వాళ్ళు రొయ్యలంటే ప్రాణం పెడతారని మామ్మకి తెలుసు. పది నిమిషాల్లో ఆవిడే గిన్నె పట్టుకుని వచ్చింది. ఇగురు ముట్టుకోలేదు.

"క్షమించాలి, మేము రొయ్యలు తినము లా," అంది మలయ్‌లో, ఇక్కడందరూ మాట చివర తగిలించే 'లా'తో సహా.

"సీనా మనిసివి, రొయ్యలు తినవేటి?" అంది మామ్మ. మామ్మ మలయ్‌లో సగం తెలుగే ఉండేది.

"చీనా కాదమ్మా, మేము యూదులం. పొలుసులున్న చేపలే తింటాం. పంది ముట్టం. వేరే ఇంటి గిన్నెల్లో వండింది తినకూడదు."

మామ్మ ఒక రోజంతా మూతి ముడుచుకుంది. మర్నాటి సాయంకాలానికి ఏదో వెలిగినట్టు లేచి కూర్చుంది. "ఓలే గుంటా, అది మడి కదేటి! మడి వంట. ఆళ్ళ గిన్నెలు ఆళ్ళవి. ఇందులో తప్పేటుంది?" అని తనే పక్కింటికి వెళ్ళి, ఆవిడ వంటింట్లో, ఆవిడ గిన్నెల్లో పులిహోర కలిపి పెట్టి వచ్చింది. అప్పటి నుంచి ఆ రెండు వంటిళ్ళకీ మధ్య గోడ ఉన్నట్టే నాకు గుర్తులేదు.

శనివారం అత్త అని పేరు పెట్టింది కూడా మామ్మే. మామ్మకి శనివారాలు వెంకన్న బాబు ఒక్కపొద్దు. పక్కింటి ఆవిడ శనివారం పొయ్యి వెలిగించదని తెలియగానే మామ్మ సంతోషం ఇంతా అంతా కాదు. "ఆళ్ళకీ శనివారమే అంట! ఆళ్ళు ఎవులో గాని, మనోళ్ళే," అని మా నాన్నకి తీర్పు చెప్పేసింది. నాన్న ఏదో సర్దిచెప్పబోయాడు గానీ మామ్మ తీర్పుకి పైకోర్టు ఉండేది కాదు.

శనివారాలు నా పండగలు. ఆ రోజు అత్త నిప్పు ముట్టదు, లైటు స్విచ్చి వెయ్యదు. వెయ్యమని ఎవరినీ అడగనూ కూడదట. అందుకని గుమ్మంలో నిలబడి గాలితో చెప్పినట్టు, "అబ్బ, ఈ గది ఎంత చీకటిగా ఉందో లా," అనేది. వినేవాళ్ళే గ్రహించాలి. నేను గ్రహించేదాన్ని. గ్రహించి కూడా, "అవునత్తా, నిజంగానే చీకటి," అని చేతులు కట్టుకుని అక్కడే నిలబడేదాన్ని.

అత్త కాసేపు ఆగేది. "ఇంత చీకట్లో ఖర్జూరం బిస్కెట్ల డబ్బా ఎక్కడుందో నాకే కనబడటం లేదు."

టక్కున స్విచ్చి పడేది.

ఆ బిస్కెట్లు గుండ్రంగా, పైన నువ్వులు, లోపల ఏలకుల వాసనతో మెత్తటి ఖర్జూరం. శుక్రవారం సాయంత్రమే సన్నసెగ మీద పెట్టి వదిలేసిన కోడీ అన్నమూ శనివారం మధ్యాహ్నం దాకా ఉడుకుతూనే ఉండేవి. అందులో పడేసిన గుడ్లు పెంకుతో సహా గోధుమరంగుకి తిరిగేవి. బయట కొబ్బరిపాలు అమ్మే మనిషి కేక, లోపల ఆ మగ్గిన అన్నం వాసన. ఇప్పటికీ శనివారం మధ్యాహ్నం నాకు అకారణంగా ఆకలేస్తుంది.

అత్త నాతో మలయ్ మాట్లాడేది. మామ్మ దగ్గర పట్టిన తెలుగు మధ్యలో కలిపేది. తండ్రితో ఇంట్లో అరబ్బీ. ప్రార్థనకి హీబ్రూ. వీధిలో అందరూ ఆవిడని హొక్కియెన్ అనే చీనా భాషలో పలకరించేవాళ్ళు, ఆవిడకి ఆ భాష అరకొరగా వచ్చు. బజారుకి ఆవిడ వెంట వెళ్ళడమంటే నాటకం చూడడమే. పంది మాంసం కొట్టువాడు, "రా చెల్లీ, మంచి ముక్క తీసి ఉంచాను," అని పిలిచేవాడు. ఆవిడ తల అడ్డంగా ఊపి నడిచేది. రెండు అడుగులకి చేపలమ్మే మలయ్ ఆయన, పంది కొట్టు దాటి రావడం చూసి, ఆవిడ ఇస్లాంలో కలిసిందనుకుని గౌరవంగా సలాం చేసేవాడు. ఆవిడ అదీ తీసుకుని నవ్వేది. పూలమ్మే ఆవిడ నన్ను తమిళంలో, "ఎవరి పిల్లవే నువ్వు? ఈ చీనావిడ వెంట తిరుగుతున్నావు?" అని గదమాయించేది. నాకు తమిళం బాగానే వచ్చు. అయినా తెలుగులోనే జవాబిచ్చేదాన్ని, మొండిగా.

"నిన్ను తమిళ పిల్ల అంటే అంత కోపమా?" అని అడిగింది అత్త ఒకసారి, ఇంటికి వస్తూ.

"కోపమే. స్కూల్లో టీచరు కూడా అలాగే రాసుకుంది. నాన్న వెళ్ళి చెప్పినా మళ్ళీ అలాగే రాసింది. నీకు కోపం రాదా?"

"నీ వయసులో వచ్చేది. అద్దం ముందు కూర్చుని కళ్ళు ఇలా లాక్కునేదాన్ని, మా నాన్న కళ్ళలా పెద్దగా కావాలని." అని రెండు వేళ్ళతో కళ్ళు గుడ్లగూబలా చేసి చూపించింది. నడిరోడ్డు మీద ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం.

ఆ రోజే తన కథ చెప్పింది, వంటింట్లో ఖర్జూరాల గింజలు తీస్తూ. గడ్డం తాత, అంటే అత్త నాన్న, మేము రాకముందే పోయిన ఆయన భార్య, ఇద్దరిదీ బాగ్దాద్ నుంచి వచ్చిన వ్యాపారుల కుటుంబం. పిల్లలు లేరు. చీనా పంచాంగం ప్రకారం పులి సంవత్సరంలో పుట్టిన ఆడపిల్ల ఇంటికి అచ్చిరాదని ఒక చీనా కుటుంబం ఇరవై రోజుల పిల్లని ఎవరికైనా ఇచ్చేద్దామని చూస్తోంది. తాత వెళ్ళి దుప్పట్లో చుట్టుకుని తెచ్చేశాడు. కొన్నాళ్ళకి వాళ్ళ పెద్దమనుషులు ముగ్గురి ఎదుట సముద్రంలో ముంచి, తమ మతంలో కలుపుకుని, పేరు పెట్టారు.

"ఏడ్చావా?"

"ఏడవలేదట. నీళ్ళలోంచి తీస్తే మా నాన్న గడ్డం పట్టుకుని వదల్లేదట. అందరూ నవ్వారట. అంతే లా, ఆ పూట నుంచి నేను ఆయన కూతుర్ని."

నేను చెప్పాలనుకున్న కథ ఆ ఏడాది వానలు మొదలైనప్పటిది. ఒక ఉదయం లేచేసరికి పక్కింటి పెరట్లో నాలుగు గుంజలు పాతి ఉన్నాయి. అత్త కొబ్బరి మట్టలు లాక్కొస్తోంది.

మామ్మ గోడ మీంచి తొంగి చూసింది. "పందిరేస్తన్నారేటి? పెళ్ళా? ఎవులికి?"

పెళ్ళి కాదు. వాళ్ళ పెద్దలు ఎప్పుడో ఎడారిలో గుడిసెల్లో బతికారట. ఆ జ్ఞాపకానికి ఏటా ఏడు రోజులు ఆకుల పందిరి కింద భోంచేస్తారు. సంతోషంగా ఉండాలని శాస్త్రం పెట్టి మరీ చేసుకునే పండగట అది. సంతోషంగా ఉండమని ఆజ్ఞాపించే దేవుడు నాకు బాగా నచ్చాడు.

మామ్మ కొంగు బిగించింది. పందిరి వేయడంలో మా మామ్మని మించినవాళ్ళు ఎస్టేట్లోనే లేరు. అత్త బజారుకి వెళ్ళిన గంటలో మామ్మా నేనూ కలిసి కప్పు మీద మూడు వరసలు మట్టలు పరిచి, సందుల్లో అరటాకులు కుక్కి, సూది మొన దూరకుండా చేసేశాం. అత్త వచ్చి పైకి చూసి నిలబడిపోయింది.

"సూడు! వాన సుక్క పడదు," అంది మామ్మ.

"అమ్మా... ఇందులోంచి నక్షత్రాలు కనబడాలి. అదే నియమం."

"అయితే వానొస్తే?"

"తడుస్తాం."

మామ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు ఆ కప్పుకేసి చూసింది. చేతకాని పందిరి వేయడం ఆవిడకి జీవితంలో అదే మొదలు. చివరికి నన్ను నిచ్చెన ఎక్కించింది. సగం మట్టలు తీసేశాం. తీసిన అరటాకుల్లో మా ఇంట్లో మధ్యాహ్నం భోజనాలు. పందిరికి ఎర్రటి రంబుతాన్ పండ్ల గుత్తులు, అరటి గెల, నక్షత్రం పండ్లు వేలాడదీశాం. నేను వేలాడదీసినవాటిలో రంబుతాన్లు తగ్గిపోతూ వచ్చాయి. అత్త అడిగితే కాకులని చెప్పాను.

ఆ ఏడాది గడ్డం తాతకి కళ్ళు బాగా మసకబారాయి. ఆయనకి ఒకటే కోరిక. వాళ్ళ ముందుగదిలో గోడ అలమరలో వెండి రేకు తాపిన నిలువు పెట్టె ఒకటి ఉండేది. అందులో చేత్తో రాసిన పెద్ద తోలు చుట్ట, వాళ్ళ ధర్మగ్రంథం. పది మంది మగవాళ్ళు కూడితేనే దాన్ని తీసి చదవాలి. తొమ్మిది మందికి వీల్లేదు. ఊళ్ళో వాళ్ళవాళ్ళు ఒక్కొక్కరే దేశాలు దాటి వెళ్ళిపోగా తాతతో కలిపి మిగిలింది ఏడుగురు. రెండేళ్ళుగా ఆ పెట్టె తెరవలేదు.

"ఈ కళ్ళు పూర్తిగా పోకముందు ఒక్కసారి పండగ చదువు చదివితే చాలు," అన్నాడట తాత. పైగా చూసి చదవలేడు కనుక ముందే కంఠతా పట్టాలని పూనుకున్నాడు. నెల రోజులు ప్రతి సాయంత్రం అత్త పుస్తకం పెట్టుకుని ఒక్కో ముక్క రాగంతో చదవడం, తాత కళ్ళు మూసుకుని తిరిగి అనడం. గోడ ఇవతల నాకూ ఆ రాగం వచ్చేసింది. స్నానాల గదిలో అదే రాగానికి ఎక్కాలు చదువుతుంటే మా అమ్మ తలుపు కొట్టేది.

కావాల్సిన ముగ్గురి కోసం మా నాన్న కదిలాడు. పండగకి రెండు రోజుల ముందు హార్బరు నుంచి వస్తూనే పక్కింటి గుమ్మంలో నిలబడి గట్టిగా చెప్పాడు. "దొరికారు! రేవులో ఉన్న ఓడ మీద మీవాళ్ళు ముగ్గురున్నారు. ఒకాయన ఆఫీసరు, ఇంకొకాయన ఇంజను మనిషి, మూడో కుర్రాడు వంటవాడు. చీటీ మీద అడ్రసు రాసి ఒక్కొక్కరి చేతికీ ఇచ్చి వచ్చాను. వస్తామన్నారు."

తాత లేచాడు. మా నాన్న చెయ్యి వెతుక్కుని పట్టుకుని, ముద్దు పెట్టుకున్నాడు. మా నాన్న సిగ్గుతో మెలికలు తిరిగిపోయాడు.

పండగ పొద్దున సన్నటి జల్లు. అత్త లేత నీలం గౌను వేసుకుని, తలకి జరీ రుమాలు కట్టుకుంది. ఊళ్ళో ఆరుగురూ ముందే వచ్చి కూర్చున్నారు. మామ్మ వెనక వంటింట్లో పులిహోర దగ్గర. నేను గుమ్మం ముందు అరుగు మీద, మా నాన్నతో.

కాసేపటికి ఇద్దరు పెద్దమనుషులు నడిచి వచ్చారు. ముందున్నది ఎర్రజుట్టు ఆఫీసరు, తలుపంత ఎత్తు. అత్త నవ్వుతూ ఎదురు వెళ్ళింది. ఆయన ఆవిడ మొహం చూసి, మర్యాదగానే, తన టోపీ, నీళ్ళోడుతున్న గొడుగూ ఆవిడ చేతుల్లో పెట్టి, "మీ అయ్యగారితో చెప్పమ్మా, ఓడ నుంచి వచ్చారని," అన్నాడు.

అత్త నవ్వు ఒక్క క్షణం ఆగిపోయింది. తర్వాత, "చెబుతానండీ," అంది.

నాకు ఒళ్ళు మండింది. వెనకే పరుగెత్తి గౌను పట్టుకుని లాగాను. "నువ్వెవరో చెప్పవేం అత్తా? చెప్పు!"

"ముందు పది మంది కానీ లా," అంది ఆవిడ గొడుగు మూల పెడుతూ.

ఇక్కడ ఇలా ఉంటే, గుమ్మంలో ఇంకో వింత. ఆఫీసరు మా నాన్నని చూశాడు. తెల్ల చొక్కా, చక్కగా దువ్విన జుట్టు, ఆ గడప దగ్గర ఇంటివాడిలా నిలబడ్డ ధీమా. ఓడ మీద చీటీ ఇచ్చిన గుమాస్తాని గుర్తుపట్టలేదు. రెండు చేతులూ పట్టి ఊపేస్తూ హీబ్రూలో ఏదో దీవించి, "బొంబాయి నుంచా? కొచ్చిన్ నుంచా?" అని అడిగాడు. ఆ ఊళ్ళలోనూ వాళ్ళవాళ్ళు ఉన్నారట.

మా నాన్నకి కంగారు పుడితే నిజం తప్ప నోట రాదు. "హార్బరు ఆఫీసు నుంచండీ," అన్నాడు.

"భలే!" అని ఆయన మా నాన్నని లోపలికి లాక్కుపోయి, ఒక చారల ప్రార్థన శాలువా తీసి భుజాల మీద కప్పేశాడు. పెద్దవాళ్ళలో ఒకాయన మనుషుల్ని వేలు పెట్టి లెక్కపెట్టకూడదని, పది మాటలున్న శ్లోకం ఒకటి చదువుతూ మనిషికో మాట చొప్పున అన్నాడు. సరిగ్గా పదో మాట మా నాన్న మీద పడింది. గదంతా కళకళలాడింది. తాత లేచి పెట్టె వైపు అడుగు వేశాడు.

మా నాన్న నుదుటి మీద చెమట. ఊరుకుంటే అందరికీ సంతోషం. కానీ మెల్లగా శాలువా తీసి మడత పెట్టి, తాత చేతిలో పెట్టాడు. "అయ్యా, నేను పక్కింటి వాడిని. నన్ను లెక్క వెయ్యకండి. తొమ్మిదే అయ్యారు."

పందిరి మీద చినుకులు వినబడుతున్నాయి. తర్వాత తాత నవ్వడం మొదలుపెట్టాడు. "నువ్వు పదిమంది పెట్టు నాయనా! కానీ ఏం చేస్తాం, లెక్కకి ఒక్కడివి కూడా కావు!" అందరూ నవ్వారు గానీ నవ్వులో పస లేదు. మూడోవాడు ఏడని ఆఫీసరుని అడిగారు. తమ కంటే ముందే బయల్దేరాడని చెప్పాడాయన.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. పొద్దున ఎవరూ రాకముందు, ఉంగరాల జుట్టు నల్లటి కుర్రాడొకడు చీటీ పట్టుకుని ఈ గుమ్మం ముందు నిలబడ్డాడు. అత్త తలుపు తీసింది. వాడు అత్త మొహం చూశాడు, చీటీ చూశాడు, ఇంటి నంబరు చూశాడు. "సారీ మేడమ్," అని వెళ్ళిపోయాడు.

ఆ సంగతి చెప్పగానే అందరూ ఆడవాళ్ళ కోసం కట్టిన తెర అవతల నిలబడ్డ అత్త వైపు తిరిగారు. అత్త నోటి మీద చెయ్యి వేసుకుంది.

"వాడా? వాడిని చూసి నేను అరబ్బు కుర్రాడు, మసీదుకి దారి వెతుక్కుంటున్నాడు అనుకున్నాను!" అని, తర్వాత గోడకి చేరబడి నవ్వింది. కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది. "జీవితమంతా నన్ను చూసి అందరూ పొరబడితే, తీరా ఈ రోజు నేనూ మొహమే చూశాను లా!"

నేను అప్పటికే వీధిలో ఉన్నాను. చెప్పులు లేవు. వెనక నుంచి మామ్మ, "లగెత్తే గుంటా, లగెత్తు!" అని కేక. మూల మీది కోపీ కొట్టులో ఆ కుర్రాడు చీటీని గ్లాసుకి ఆనించి పెట్టుకుని దిగులుగా కూర్చున్నాడు. కొట్టు ముసలాయన నాకు ఫిర్యాదు చేశాడు. "యూదుల ఇల్లు అంటాడు. ఆ నంబరు చీనావిడ ఇల్లు అని పదిసార్లు చెప్పాను."

నాకు వచ్చిన ఇంగ్లీషంతా కూడదీసుకున్నాను. "నువ్వు పది. రా."

వాడికి అర్థం కాలేదు. చెయ్యి పట్టి లాగాను. అప్పటికీ కదలకపోతే, ఇక దారి లేక, నెల రోజులుగా గోడ అవతల విన్న రాగం ఎత్తుకున్నాను, మాటలు తప్పో ఒప్పో. వాడి కళ్ళు పెద్దవయ్యాయి. కుర్చీ తన్నేసుకుని లేచాడు. ఇద్దరం వానలో పరుగు. గుమ్మం దగ్గర ఆగి మూతి తుడుచుకుని, "ప్రార్థన కాకముందే కాఫీ తాగానని లోపల చెప్పకు," అని బతిమాలాడు. వాడి పూర్వీకులది యెమెన్ అని తర్వాత తెలిసింది. ఆ కాఫీ సంగతి నేను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

పెట్టె తెరిచారు. తోలు చుట్ట బయటికి తీయగానే పాత తోలు, కర్పూరం కలిసిన వాసన గదంతా నిండింది. తెర వెనక అత్త పక్కన నేను కూర్చున్నాను. తాత వేలు ఆనించి, కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాడు. ఎంత బాగా చదివాడో! అయితే సగంలో, నాకు కూడా తెలిసిన చోట, ఆగిపోయాడు. ముందు మాట మళ్ళీ అన్నాడు. మళ్ళీ ఆగాడు.

మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆఫీసరు గబగబా పుస్తకం పేజీలు తిప్పాడు. ఆయనకి ఆ చోటు దొరకడం లేదని నాకు కూడా తెలిసిపోయింది. తాత భుజాలు కుంగడం తెరలోంచి కనబడింది.

అత్త పుస్తకం మూసేసి, ఒడిలో చేతులు పెట్టుకుని, చిన్న గొంతుతో ఆ మాట అందించింది. దాని తర్వాతి మాటా అందించింది. రాగం ఎక్కడా తెగలేదు. తాత తల ఎత్తి, అక్కడి నుంచి అందుకున్నాడు. తర్వాత రెండుసార్లు తడబడ్డాడు. రెండుసార్లూ తెర వెనక నుంచి ఆ గొంతు సిద్ధంగా ఉంది. ఆఫీసరు పుస్తకం దించేసి తెర వైపే చూస్తూ ఉండిపోయాడు.

భోజనాలు పందిరి కింద. జల్లు ఆగలేదు. ఎవరూ లోపలికి వెళ్ళమనలేదు. మామ్మ పులిహోర, అత్త కోడి అన్నం, అందరి కంచాల్లోనూ రెండు చుక్కలు వాన. అత్త పెద్ద పళ్ళెం పట్టుకుని వస్తుంటే ఆఫీసరు లేచి వెళ్ళి పళ్ళెం ఆవిడ చేతుల్లోంచి తీసుకున్నాడు. "మీరు కూర్చోండి," అన్నాడు. ఆయనే అందరికీ వడ్డించాడు. ముందు ఆవిడకి, తర్వాత తాతకి, తర్వాత మా మామ్మకి. చెవులు ఆయన జుట్టు కంటే ఎర్రగా ఉన్నాయి.

"ఆ చదువంతా మీకు ఎక్కడ వచ్చింది?" అని అడిగాడు.

"మా నాన్న నేర్పాడు. మీకు?"

"మా నాన్నా నేర్పబోయాడు. నేను పారిపోయి ఓడెక్కాను."

తాత గట్టిగా నవ్వి బల్ల మీద కొట్టాడు. రంబుతాన్ గుత్తి ఒకటి తెగి పులిహోరలో పడింది. మా మామ్మ తీసి నాకిచ్చి, "ఇదిగో, కాకికి," అంది.

ఆ తర్వాత రెండేళ్ళు బతికాడు తాత. ఆయనతో పాటే ఆ పెట్టె చుట్టూ నిలబడేవాళ్ళూ కరిగిపోయారు. చివరికి ఆస్ట్రేలియాలో పెంపుడు తల్లి తరఫు బంధువులు రమ్మంటే అత్త వెళ్ళింది. వెళ్ళే ముందు వారం మామ్మ ఆవిడ వంటింట్లోనే, ఆవిడ జాడీలోనే మామిడికాయ ఊరగాయ పెట్టి మూతికి గుడ్డ కట్టింది. ఇద్దరూ ఏడవలేదు. ఉప్పు సరిపోయిందా లేదా అని మాత్రం చాలాసేపు వాదించుకున్నారు.

ఆ వీధికి ఈమధ్య వెళ్ళాను. కోపీ కొట్టు లేదు. అత్త ఇంట్లో ఇప్పుడు యాత్రికులు వచ్చి కూర్చునే హోటల్. పెరట్లో రంగు గొడుగుల కింద కుర్చీలు. ఒక కుర్చీలో కాసేపు కూర్చుని వచ్చాను. చెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేరు గానీ దిగులనిపించలేదు. ఆ పెరట్లో దిగులుపడిన గుర్తు నాకు ఒక్కటీ లేదు మరి.

అత్త వెళ్ళిన కొన్నేళ్ళకి వచ్చిన ఒక ఉత్తరం మాత్రం అక్షరాలా గుర్తుంది. మామ్మకి అప్పటికి చూపు ఆనడం లేదు. నేనే చదివి వినిపించాను. అక్కడ కూరగాయల సంతలో అత్త పచ్చిమిరపకాయలు ఏరుకుంటోందట. వెనక ఒక జంట తెలుగులో మాట్లాడుకుంటున్నారట. "త్వరగా రండి, మంచివన్నీ ఆ చైనా ఆవిడే ఏరేసుకుంటోంది!" అత్త వెనక్కి తిరిగి, "ఓలమ్మ, కావాలంటే సెప్పొచ్చు కదేటి? ఇదిగో, సగం తీసుకెల్లండి," అందట. ఆయన చేతిలో సంచీ జారిపోయిందట. కాసేపటికి తేరుకుని, "అచ్చం మా అమ్మ మాట్లాడినట్టే ఉంది," అన్నాడట. ఇంటికి తీసుకెళ్ళి పండ్లు, మజ్జిగ ఇచ్చి సాయంత్రం దాకా కదలనివ్వలేదట.

మామ్మ ఆ ముక్క మూడుసార్లు చదివించుకుంది.

"వాళ్ళు నన్ను ఏ ఊరని అడిగారు," అని ఉంది చివర. "మా అమ్మ వాళ్ళది శ్రీకాకుళం వైపు అని చెప్పాను. అబద్ధం కాదు కదా లా?"

నేను కాగితం దించి మామ్మ వైపు చూశాను. కొంగుతో మొహం తుడుచుకుంటోంది.

"అబద్దమేటి అందులో?" అంది. "కలం తియ్యి గుంటా. నిజిమే అని రాసెయ్యి."

రాశాను.